చదవరాని తూము

తవిటయ్య తూము తీసి వదిలేశాడని హుమ్మ ఊరు నమ్ముతోంది. తియ్యలేదని నమ్మేది అతని మేనకోడలు ఈశ్వరి ఒక్కతే. నెల పైచిలుకు కిందట, అమ్మోరి గంప పండగ రాత్రి ఎవరో తూము తలుపు తెరిచారు. పోటు నీరు ఉప్పు మళ్ళలోకి జొరబడి, మర్నాడు గీయవలసిన తొలి ఉప్పును తెల్లారేసరికి కరిగించేసింది. తూముకు బిగించిన మిషను ఆ రాత్రి జరిగినదంతా రాసుకుంది. ఆ ఫైలు బరంపురంలో ఈశ్వరి పనిచేసే ఆఫీసుకే వచ్చింది. అందులో తూము గడి ఒక్కటే తెరుచుకోవడం లేదు. తవిటయ్యను కాపలా నుంచి తీసెయ్యడానికి ఉప్పు సంఘం రేపు పొద్దున కూర్చోబోతోంది.

ఆఫీసు కింద బట్టల కొట్టులో ఎవరో ఒడియాలో బేరమాడుతున్నారు. గేట్ బజార్ రొద మెట్లెక్కి పైకి వచ్చేసరికి మాటలు రాలిపోయి ఒట్టి మోత మిగులుతుంది. ఆ మోతలో పనిచేసుకోవడం ఈశ్వరికి అలవాటే. ఇవాళ మాత్రం కింద జనమంతా తనకు వినపడకుండా ఏదో చెప్పుకుంటున్నట్టు ఉంది. అలా అనిపించడం మంచిది కాదని తనకు తెలుసు. తెలిసినా కుర్చీలోంచి లేచి కిటికీ రెక్క దగ్గరికి వేసి వచ్చింది.

ఫైలు మళ్ళీ తెరిచింది.

హుమ్మ మిషను పంపే ఫైలు నెలకొక సంచి లాంటిది. సంచిలో గడులుంటాయి. ఒక గడిలో నీటి మట్టం, ఒక గడిలో ఉప్పు చిక్కదనం, ఒక గడిలో ఎండ వేడి, ఇంకొక గడిలో తూము తలుపు తెరిచిన వేళలు, మూసిన వేళలు. ప్రతి గడికీ లోపల ఏ రకం అంకెలున్నాయో చెప్పే చీటీ ఒకటి అంటించి ఉంటుంది. చూసే సాఫ్ట్‌వేరు ముందు ఆ చీటీ చదివి, తనకు తెలిసిన రకమైతే గడి తెరుస్తుంది. నీటి మట్టం తెరుచుకుంది. చిక్కదనం తెరుచుకుంది. ఆ రాత్రి రెండు గీతలై తెర మీద పరుచుకుంది: మట్టం లేచింది, చిక్కదనం పడిపోయింది, తెల్లారుతూనే రెండూ ఎక్కడివక్కడ ఆగాయి. పోటు ఎప్పుడు వచ్చిందో ఎవరికైనా తెలుస్తుంది. తలుపు ఎప్పుడు తెరిచారన్నదే తెలియదు. అది తెలిస్తే ఆ వేళకు మావ ఎక్కడున్నాడో చెప్పే మనుషులు దొరుకుతారు.

తూము గడి మీద నొక్కింది. ఎప్పటి ఎర్ర అక్షరాలే వచ్చాయి. ఈ రకం డేటా చదవడం నాకు రాదు, కనుక వదిలేస్తున్నాను అని వాటి సారాంశం.

ఫైలు దారిలో చెడిపోయిందేమో అని మొదట అనుకుంది. నిన్న ఆదివారం హుమ్మ వెళ్ళి మిషనులోని కార్డే పట్టుకొచ్చింది. అందులోనూ ఇదే. సాఫ్ట్‌వేరు పాతదేమో అని కొత్తది ఎక్కించింది. అక్షరాల రంగు మారింది తప్ప మాట మారలేదు. చివరికి ముందు నెల ఫైలు తెరిచి చూసింది. అందులో తూము గడి ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. అదే మిషను, అదే తూము, అదే సాఫ్ట్‌వేరు. నెల మారేసరికి ఏదో మారింది. లేదా ఎవరో మార్చారు.

ఈ రెండో మాట ఎప్పుడు మనసులోకి వచ్చిందో ఈశ్వరికే తెలియదు. వచ్చాక మాత్రం కదల్లేదు. అనుమానానికి ఆకలి ఎక్కువ. దొరికిన ప్రతిదీ దానికి మేతే. ఆఫీసులో తన పై అధికారి మురళీమోహన్ గారు నెల నివేదికలో తూము గడి ఎదురుగా 'పాడైంది' అని రాశారు. చదవలేకపోయాం అని రాయలేదు. చదవలేని వాడు ఇంకోసారి ప్రయత్నిస్తానంటాడు. పాడైందన్నవాడు ఇంకెవరూ ప్రయత్నించవద్దంటున్నాడు. నెల రోజులుగా ఆయన తనకు టీ తెప్పించేటప్పుడు ఒక క్షణం ఎక్కువగా చూస్తున్నాడు. ఆ చూపులో జాలి ఉంది. ఎందుకు జాలి?

నిన్న హుమ్మలో మావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మళ్ళలో మళ్ళీ నీరు పెట్టారు, పైన పలచగా తెల్లటి పొర కడుతోంది. మావ దాని వంక కాకుండా తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

"మావా, అన్నం తిన్లేదంట."

"తింటాన్లే." అరచేతులు తిప్పి చూసుకుంటూ అన్నాడు, "ఈశ్వరీ, మనిసి నిద్దట్లో నడుస్తాడంటారు, నిజమేనా?"

"ఎందుకలాగ అడుగుతన్నావు?"

"ఊరందరూ అంటన్నారు గదా. ఇంతమంది అబద్దం ఆడతారా? నానే నిద్దట్లో ఎల్లి తీసేనేమో. నాకు తెలీకుండా."

మావ కాపలా పని పోవడం కంటే ఈ మాట ఎక్కువ భయపెట్టింది ఈశ్వరిని. తండ్రి పోయాక చదువు కోసం మావ ఇంట్లోనే పెరిగింది. మావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గానీ తన చేతులు ఏం చేశాయో ఎప్పుడూ తెలిసిన మనిషి. ఇప్పుడు ఆ చేతుల మీదే నమ్మకం పోతోంది. రేపు సంఘం తీర్పు చెబితే ఆ తీర్పును ఊరి కంటే ముందు మావే నమ్ముతాడు. ఆ తర్వాత ఏ ఫైలు తెరిచి చూపించినా లాభం ఉండదు.

ఇంటి నుంచి బయల్దేరుతుంటే మావ భార్య చిట్టమ్మత్త వీధి దాకా వచ్చింది.

"ఆ మిషను జోలికెల్లకే తల్లీ. పోయిన ఉప్పు పోనాది. ఇంకేటి తవ్వుతావు."

"మావ మీద మాట పడతంటే ఎలాగత్తా ఊరుకోడం?"

"మాటలు ఆరిపోతాయే. తడిగుడ్డలాగ. ఒగ్గేయ్."

అత్తకు మావ మీద ఉన్న బెంగే అలా మాట్లాడిస్తోందని బస్సులో కూర్చుని అనుకుంది ఈశ్వరి.

*

"ఇంకా దాన్నే పట్టుకున్నావా?"

మురళీమోహన్ గారు ఎప్పుడొచ్చారో. రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి, రైలు మోత మధ్య పెరిగిన వాళ్ళలో కొందరిలా గొంతు పెంచడు. హుమ్మలో ఆ మిషను బిగించింది ఆయనే. చేతిలో ఒక కాగితం ఉంది.

"ఢిల్లీశ్వరరావు గారు పొద్దుట్నించీ ఫోన్ల మీద ఫోన్లు. సంఘం సెక్రటరీ అంటే కలెక్టరు అనుకుంటాడు. మన కాగితం సాయంత్రానికి చేరాలట. రాసేశాను, ఒకసారి చూసి పెట్టు."

ఈశ్వరి చదివింది. నీటి మట్టం వివరాలు జతచేశాం. చిక్కదనం వివరాలు జతచేశాం. తూము వివరాలు పాడైనందున ఇవ్వలేకపోతున్నాం. కింద ఆయన సంతకం. సంతకం ముందే అయిపోయింది.

"పాడైందని ఎలా తెలిసింది సార్?"

"తెరుచుకోవడం లేదు కదమ్మా."

"తెరుచుకోకపోతే పాడైనట్టేనా? మా వీధిలో సగం ఇళ్ళు మధ్యాహ్నం పూట తెరుచుకోవు."

ఆయన నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేవాడు. ముందు కిటికీ వంక, తర్వాత తెర వంక చూశాడు. ఎర్ర అక్షరాలు అక్కడే ఉన్నాయి. వాటిని చూసి ఆశ్చర్యపోకపోవడం సహజమే, అందరికీ తెలిసిన సంగతే. కానీ వాటిని చూడగానే ఆయన భుజాలు వదులయ్యాయి. అది మాత్రం ఈశ్వరి కంట పడింది.

"ఏటమ్మా, కోర్టులో నిలబెట్టినట్టు అడుగుతున్నావు."

"మీరు ఈ గడి చదివారు సార్."

"నేనా?"

"చీటీని పక్కన పెట్టి లోపలి అంకెలను పచ్చిగా దింపుకున్నారు. నివేదిక రాసిన రోజే. దింపుకున్నది ఇంకా మీ ఫోల్డర్‌లోనే ఉంది. ఇప్పుడే చూశాను. తెరవలేదు. మీరొస్తారని ఆగాను."

అబద్ధం. ఆగింది మర్యాద కోసం కాదు. తెరవడానికి చెయ్యి రాలేదు. ఆయన దాచిన దాంట్లో ఏముందో చూడాలన్న ఆత్రం ఎంత ఉందో, చూడకూడదన్న భయమూ అంతే ఉంది. మనిషి ఒకరిని అనుమానిస్తున్నంతసేపు తన వాళ్ళను అనుమానించనక్కర్లేదు. ఆ సౌఖ్యం ఆ ఫైలు తెరిచేదాకానే.

మురళీమోహన్ గారు తలుపు దగ్గరికి వేసి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు జేబులోని కలం మూత తీసి పెడుతూ ఉన్నారు.

"నీ కోసమే చెప్పలేదు."

"నా కోసమా?"

"అందులో ఉన్నది నీకు తెలియకపోతేనే మంచిదనుకున్నాను. పాడైందని రాస్తే ఎవరికీ నష్టం లేదు. సంఘం దగ్గర రుజువు ఉండదు. రుజువు లేకపోతే మీ మావని తీసేసినా తిట్టి తీసేస్తారు, కేసు పెట్టి కాదు. అంతవరకూ ఆలోచించాను నేను."

"ఏముంది అందులో?"

ఆయన కుర్చీ దగ్గరికి జరిపి తానే తెరిచాడు. తెర మీద అంకెలు జంటలు జంటలుగా, ఒక దాని కింద ఒకటి. ప్రతి జంట పక్కనా వేళ. కలం మొనతో ఒక గీతను చూపించాడు. గంప రాత్రి, చీకటి పడుతున్న వేళ. ఎడమ పక్క ఒకటి. కుడి పక్క రెండు.

"ఎడమ పక్కది బిళ్ళ నంబరు. కుడి పక్కది తలుపు. సున్నా అంటే మూత, ఒకటి అంటే పూర్తిగా తెరిచినట్టు, రెండంటే సగం. ఒకటో బిళ్ళతో తలుపు సగం తీశారు." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "ఒకటో బిళ్ళ మీ మావదే. రెండో బిళ్ళ అన్నదే లేదు. నేనే ఇచ్చాను కదా, నాకు తెలియదా."

బిళ్ళ అంటే చొక్కా బొత్తామంత ఇనుప తాళంచెవి. తూము పెట్టె మీద తాకిస్తే తలుపు చక్రం వదులవుతుంది. మావ దాన్ని మొలతాడుకు కట్టుకుని తిరుగుతాడు. స్నానానికి విప్పుతాడు, ఏడాదికోసారి గంప రాత్రి విప్పుతాడు. ఆ రాత్రి మళ్ళలో పనిచేసే ప్రతి ఇంటివాళ్ళూ పార, కత్తి, తాళంచెవి, ఇనుము అన్నది ఏదున్నా తెచ్చి సంఘం షెడ్డులో అమ్మోరి ముందున్న గంపలో వేస్తారు. తెల్లారేదాకా ఎవరి ఒంటి మీదా ఇనుప ముక్క ఉండకూడదు. ఉంటే ఆ ఏడు ఉప్పు నల్లబడుతుందంటారు. మావ వెయ్యడం ఈశ్వరి చూసింది. మొలతాడు ముడి విప్పి తాళాల గుత్తి మొత్తంగా గంపలో జారవిడిచాడు. కానీ ఊరు అంటున్నది వేరు: గుత్తి వేశాడు గానీ బిళ్ళ తీసి దాచుకున్నాడట, అమ్మోరినే మోసం చేశాడట. తెల్లారుజామున షెడ్డు వెనక గొణుక్కుంటూ ఈ మాటే అంటారు, మావ అటు రాగానే ఆపేస్తారు.

ఆ గుత్తిలో బిళ్ళ నిజంగా తన కంటికి కనిపించిందా? కనిపించిందనే ఈశ్వరి ఇంతకాలం అనుకుంది. ఇప్పుడు ఆ దృశ్యాన్ని మళ్ళీ పిలుచుకుంటే డప్పుల మోత, దీపం పొగ, జనం మోచేతులు, ఆలస్యంగా వచ్చి పక్కన నిలబడ్డ అత్త చీర అంచు తడి తన కాలికి తగలడం, అన్నీ వస్తున్నాయి. బిళ్ళ మాత్రం ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి లేదు. కనిపించి ఉండాలని మనసే తర్వాత దాన్ని అక్కడ పెట్టిందేమో.

నానే తీసేనేమో అన్నాడు మావ. ఆ మాట ఈసారి వేరే గొంతుతో వినపడింది.

"నెల రోజులు," అంది ఈశ్వరి. "నెల రోజులు నాకు టీ ఇప్పించారు."

"ఏం చెయ్యమంటావు?"

"నా మొహం చూసి జాలిపడుతూ ఇప్పించారు."

ఆయన దాచింది దయతోనే కావచ్చు. కానీ దాచిన దయకు కూడా ఒక రుచి ఉంటుంది. ఎదుటి మనిషికే తెలియని ఆ మనిషి సంగతి తన దగ్గర ఉండటం, రోజూ దాన్ని తడుముకోవడం. ఈశ్వరికి ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. ఆ కోపంతోనే తెర వంక చూసింది, ఆయన వేలు ఆగిన గీత కిందికి.

మర్నాటి తెల్లవారు వేళది తర్వాతి జంట. ఎడమ పక్క సున్నా. కుడి పక్క ఒకటి.

"సార్, ఇది చూశారా?"

"ఏది?"

"దీని కింది గీత."

ఆయన చూడలేదని మొహమే చెప్పింది. "ఆ రాత్రి గీత కనిపించాక ఇంకోటి చూడబుద్ధి కాలేదమ్మా. మూసేశాను."

"సున్నా నంబరు బిళ్ళ ఎవరిది?"

ఆయన ముందుకు వంగాడు.

"ఎడమ పక్కది బిళ్ళ అన్నారు కదా. ఇక్కడ ఎడమ పక్క సున్నా ఉంది. సున్నా నంబరు బిళ్ళ ఎవరిచ్చారు?"

"సున్నా ఉండదు. పెట్టె ఒకటి నుంచే లెక్కపెడుతుంది."

"మరి?"

కింద బేరం తెగినట్టుంది, కొట్టు మనిషి కాబోలు ఒడియాలో 'హెలా, హెలా', అయిందయింది అంటున్నాడు. ఈశ్వరి కీబోర్డు తన వైపు లాక్కుంది. పచ్చి అంకెలను మూసేసి, గడికి అంటించిన చీటీని మాత్రం దింపమంది. ఆఫీసు సాఫ్ట్‌వేరుకు చీటీ అర్థం కాకపోవడం వల్ల గడి తెరవలేదు గానీ చీటీని దాచలేదు. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. ఇంతకాలం తామిద్దరూ గడి మీద పడ్డారు తప్ప చీటీ చదవలేదు. ఆమె ఫైలును నమ్మలేదు, ఆయన చూడదలుచుకోలేదు.

చీటీలో ఉన్నది పెద్దగా ఏమీ కాదు. ఇందులో ప్రతిదీ రెండు అంకెల జంట. మొదటిది తలుపు. రెండోది బిళ్ళ.

"తిరగేసి చదివారు సార్."

కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇలాంటి జంటలను విడదీసి చదవగల ఇంకొక సాధనం ఈశ్వరి దగ్గర ఉంది. దానికి చీటీలోని స్వరూపం చెప్పి గడిని ఇచ్చింది. క్షణంలో రెండు వరసలు విడిపోయి పక్కపక్కన నిలబడ్డాయి. ఎర్ర అక్షరాలు రాలేదు. గంప రాత్రి చీకటి పడే వేళ: తలుపు పూర్తిగా తెరిచారు, రెండో బిళ్ళతో. తెల్లవారు వేళ: తలుపు మూశారు, ఒకటో బిళ్ళతో.

తెల్లారుతూనే గంపలోంచి బిళ్ళ తీసుకుని తూము దగ్గరికెళ్ళాను, తలుపు తీసుంది, మూసేను. మావ మొదటి రోజు నుంచీ ఇదే చెప్పాడు. ఒక్క పొల్లు మారలేదు. ఆ మాటను తెర మీద అంకెల్లో చూస్తుంటే ఈశ్వరికి ఏడుపు రాలేదు. సిగ్గు వేసింది. ఇప్పుడే, ఇదే కుర్చీలో, మావను నమ్మడం కాసేపు మానేసింది.

"రెండో బిళ్ళ లేదు ఈశ్వరీ," అన్నారు మురళీమోహన్ గారు. అదే మాట, కానీ ఈసారి తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "నేను ఒక్కటే పనిలో పెట్టి ఇచ్చాను."

"ముందు నెల ఫైలు చూడండి. దాని చీటీలో జంట లేదు. ఒక్క అంకె. తెరిచారు, మూశారు. అంతే."

ఆయన రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూశాడు. చూస్తూ చూస్తూ మొహం మారింది.

"ఏటంటే," అన్నాడు మెల్లగా, "ఒక్క బిళ్ళే ఉన్నంతకాలం పెట్టె ఎవరని రాయదు. రాయనక్కర్లేదు, ఉన్నది ఒక్కరే కదా. రెండో బిళ్ళ నమోదైందంటే అప్పట్నించి ఎవరో కూడా రాయాలి. అందుకని జంట రాస్తుంది. కంపెనీ పుస్తకంలో ఉంది ఇది. ఎప్పుడో చదివాను. తూముకి ఎవరు రెండో బిళ్ళ పెడతారులే అనుకున్నాను."

గడి పాడవలేదు. ఎవరూ దానికి అడ్డం పెట్టనూ లేదు. తూము మీద రెండో చెయ్యి పడిన రోజు నుంచే అది వీళ్ళకు తెలియని భాషలో రాయడం మొదలుపెట్టింది. నెల రోజులుగా ఎర్ర అక్షరాలు ప్రతిసారీ ఆ మాటే చెప్పాయి. వీళ్ళు దాన్ని అడ్డు అనుకున్నారు.

"ఎప్పుడు నమోదైందో తెలుస్తుందా?" అడిగింది.

"మొదటి జంట ఎప్పటిదో చూడు."

చూసింది. గంప రాత్రికి ముందు వారం. మిట్టమధ్యాహ్నం. ఆ వేళప్పుడు మావ స్నానం చేసి భోంచేసి పడుకుంటాడు. ఎండాకాలమైనా, వానాకాలమైనా.

"ఎలా నమోదు చేస్తారు సార్? మీరు వెళ్ళి చెయ్యాలా?"

"అక్కర్లేదు." ఆయన ఇటు చూడకుండా చెబుతున్నాడు. "పెట్టె మీద ముందు పాత బిళ్ళ తాకించి పట్టుకోవాలి. పచ్చ దీపం వెలిగాక కొత్త బిళ్ళ తాకించాలి. అయిపోయింది. పాత బిళ్ళ లేకుండా మాత్రం ఎవరివల్లా కాదు."

"కొత్త బిళ్ళ బజార్లో దొరుకుతుందా?"

"దొరకదు." కలం మూత పెట్టేశాడు. "ఖాళీ బిళ్ళ ఒకటి నేనే ఇచ్చాను, మొదటిది ఎప్పుడైనా పోతే పనికొస్తుందని. పొట్లం కట్టి మీ మావ ఇంట్లోనే ఇచ్చాను. మీ మావ ఆ రోజు మళ్ళలో ఉన్నాడు. మీ అత్తగారి చేతికిచ్చాను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. తిరుగుతున్నట్టు ఈశ్వరికి ఇప్పుడే తెలిసింది.

ఆయన కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "ఇప్పుడు చెప్పు, ఇందులో ఏం రాయమంటావు? ఉన్నది ఉన్నట్టు రాస్తే రెండో బిళ్ళ ఎక్కడిదని అడుగుతారు. మొదటిది మీ మావ మొలలో ఉంది, ఖాళీది మీ ఇంట్లో ఉంది. ఢిల్లీశ్వరరావు గారు ఊరుకుంటాడా? రెండూ తవిటయ్యవే, ఒకటి అమ్మోరికి చూపించి రెండోదాంతో తీశాడంటాడు. పాడైందని రాస్తే ఆ గొడవ లేదు. పైగా నువ్వు మేనకోడలివి. నువ్వు చదివానంటే ఎవరు నమ్ముతారు?"

"మీరు చదివారని రాయండి."

"నేనా."

"తిరగేసి చదివారని ఎవరికీ చెప్పను."

ఈసారి ఆయన పెదవి కొంచెం కదిలింది. నవ్వు అనలేం. "బెదిరిస్తున్నావా?"

"అడుగుతున్నాను సార్. ఆ మనిషి నిద్దట్లో తనే వెళ్ళి తీశాడేమో అనుకుంటున్నాడు. రేపు అందరి ముందూ తనే ఒప్పేసుకుంటాడు. చెయ్యని పని ఒప్పుకున్న మనిషిని మళ్ళీ వెనక్కి తేలేం. 'పాడైంది' అన్న మాట కొట్టేయండి."

మురళీమోహన్ గారు కాగితం వంక చూశారు. కలం మూత తీశారు. ఆ ఒక్క మాట మీద అడ్డంగా గీత గీశారు. దాని పైన ఇంకేమీ రాయలేదు. గీత పైన ఖాళీ అలాగే ఉంచి ఆమె వంక చూశారు.

"ఇక్కడేం రాయాలో నువ్వు కనుక్కుని చెప్పు. సాయంత్రం దాకా ఆగుతాను."

ఫోను తీసుకుంటుంటే ఈశ్వరి తన మీద తానే ఒక కన్ను వేసి ఉంచింది. మావను అడగాలి నిజానికి. వేలు మాత్రం ఇంటి నంబరు మీదికి వెళ్ళింది. మధ్యాహ్నం ఈ వేళ ఇంట్లో ఫోను ఎత్తేది ఎవరో తనకు తెలుసు. అడగబోయే ప్రశ్నకు లేదు అన్న జవాబు వస్తుందని ఆశ. ఒక్క లేదు చాలు. అన్నం పెట్టిన అత్త చేతులను గురించి ఇక ఆలోచించనక్కర్లేదు. గంప రాత్రి కాలికి తగిలిన తడి చీర అంచు ఒట్టి తడి చీర అంచుగానే ఉంటుంది.

"ఎవులు?"

"నేనే అత్తా. మావేటి సేస్తన్నాడు?"

"పడుకున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడులే ఇయాల. ఏటే, ఈ ఏలప్పుడు సేసినావు? ఆపీసు లేదా?"

"ఆఫీసు నుంచే. ఒక్క మాట అడుగుదామని."

"అడుగు."

వెనకాల కోడి అరుపు, గిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు. రోజూ వినే చప్పుళ్ళే.

"గంప రాత్రికి ముందు వారం, మావ మజ్జానం పడుకున్నప్పుడు, మొల్లో బిళ్ళ ఎవరైనా తీసేరా? ఎవరైనా అడిగితే నువ్వు ఇచ్చేవా?"

గరిటె ఆగింది.

ఫోను పెట్టేసిందేమో అనుకుంది ఈశ్వరి. అంతలో తలుపు కిర్రుమంది, గాలి చప్పుడు పెద్దదైంది. అత్త పెరట్లోకి వచ్చి, తలుపు బయటినుంచి దగ్గరికి వేస్తోంది. మావకు వినపడకుండా.

ఎదురుగా మురళీమోహన్ గారు కలం పట్టుకుని ఆమె మొహం వంకే చూస్తున్నారు.

అత్త గొంతు వచ్చింది. అంత మెల్లగా ఆమె మాట్లాడటం ఈశ్వరి ఎన్నడూ వినలేదు.

"నీకెవులు సెప్పేరే?"